లెక్కల మాస్టారి జోడీ

స్నేహితుణ్ణి ఎవరో తన్నుకుపోయారని ఏడ్చినవాళ్ళను చూశాం. తన శత్రువును ఇంకొకడు తన్నుకుపోయాడని కుళ్ళి కుళ్ళి సగమైన మనిషిని మాత్రం ఒక్క లెక్కల మాస్టారిలోనే చూడాలి.

మాస్టారంటే ఇప్పుడు బళ్ళో చెప్పడం లేదు. ఇరవై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి, ఎన్నికల్లో నిలబడి గెలిచి, పదకొండేళ్ళుగా శాసనసభలో కూర్చుంటున్నారు. పార్టీ ఆయనకు అక్కడా లెక్కల పనే ఇచ్చింది. ఏ బిల్లుకు ఎన్ని చేతులు లేస్తాయి, ఎవరు ఊళ్ళో లేరు, ఎవరికి జ్వరం, ఎవరు ఎవరి మీద అలిగారు, అన్నీ ఆయన వేళ్ళ మీద ఉంటాయి.

ఆ సభ సంగతి కూడా చెప్పాలి. మొత్తం అరవై మంది. అటు ముప్పై, ఇటు ముప్పై. మధ్యన స్పీకరు ఉన్నాడు గానీ ఆయనకు ఓటు లేదు. రెండు వైపులా సమానంగా వచ్చాయా, ఆ బిల్లు పోయినట్టే. మూడేళ్ళుగా జరుగుతున్నది అదే. ఎద్దు ఎండకు లాగుతుంది, దున్న నీడకు లాగుతుంది. బండి ఉన్నచోటే ఉంటుంది. వీళ్ళు తెచ్చింది వాళ్ళు పడగొట్టడం, వాళ్ళు తెచ్చింది వీళ్ళు పడగొట్టడం, సాయంత్రానికి ఇద్దరూ గెలిచామని చెప్పుకుంటూ ఇళ్ళకు పోవడం.

అంత కొట్లాటలోనూ ఆ సభలో ఒక పాత మర్యాద బతికి ఉంది. దాన్ని జోడీ అంటారు. సమావేశాల మొదట్లో ప్రతి సభ్యుడూ అవతలి పార్టీవాళ్ళలో ఒకరితో జోడీ కడతాడు. తనకు ఒంట్లో బాగాలేకో, తప్పని పనుండో రాలేకపోతే, అవతలి పార్టీలోని ఆ జోడీ కూడా ఓటింగు వేళకు లేచి బయట వసారాలో కూర్చోవాలి. అటొకటి తగ్గితే ఇటొకటి తగ్గుతుంది, ఎవరికీ నష్టం లేదు. దీనికి చట్టం లేదు, సంతకం లేదు. ఎవరికి ఎవరు జోడీయో మాస్టారు ఒక పుస్తకంలో రాసుకుంటారు, అంతే. మాట తప్పినవాడితో మళ్ళీ ఎవరూ జోడీ కట్టరు. అంతకన్నా శిక్ష అక్కర్లేదు కూడా.

పదకొండేళ్ళుగా మాస్టారి జోడీ లాయరమ్మ. అవతలి పార్టీలో పెద్ద నోరు ఆవిడది. మాస్టారు లేచి నాలుగు మాటలు మాట్లాడితే అందులో మూడు తప్పులు పట్టకుండా ఆవిడకు అన్నం సయించదు. "మాస్టారికి కూడికలే వచ్చు, జనం కష్టాల తీసివేతలు రావు" అని నిండు సభలో అనేసింది. "లాయరమ్మగారు వాదిస్తే చచ్చినవాడిదే తప్పని తేలుతుంది" అని మాస్టారు బదులిచ్చారు. స్పీకరు బల్ల గుద్దీ గుద్దీ అలిసిపోయాడు. తీరా గంట కొట్టాక చూస్తే, ఇద్దరూ క్యాంటీన్లో మూల బల్ల దగ్గర టీ తాగుతూ కనిపిస్తారు. "ఈవేళ నన్ను మరీ ఉతికేశారండీ" అంటారు మాస్టారు. "మీరు ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది, దొరికిపోయారు" అంటుంది ఆవిడ, ఆయన పళ్ళెంలో బిస్కత్తు తీసుకుంటూ. మాస్టారికి పిత్తాశయం ఆపరేషన్ అయినప్పుడు ఆవిడ నాలుగు ఓటింగులు వసారాలో కూర్చుంది. ఆవిడ కూతురి పురిటికి మాస్టారు రెండు కూర్చున్నారు. సొంత పార్టీలో అలా నమ్మదగ్గ మనిషి ఆయనకు ఒక్కరూ లేరు.

అలాంటి లాయరమ్మ ఈసారి సమావేశాల మొదటి రోజున మాస్టారి బల్ల దగ్గరికి వచ్చింది. వెనకాల పళ్ళ డాక్టరు ఉన్నాడు. మాస్టారి పార్టీవాడే, ఉప ఎన్నికలో గెలిచి ఆరు నెలలైంది. నవ్వితే ముప్పై రెండూ కనిపిస్తాయి. వృత్తి ధర్మం కాబోలు.

"మాస్టారూ, ఈసారి నా జోడీ డాక్టరుతో రాయండి" అంది లాయరమ్మ. "అంబులెన్సుల బిల్లు కోసం ఇద్దరం ఊళ్ళు తిరుగుతున్నాం. పోతే ఇద్దరం ఒకే రోజు పోతాం కాబట్టి జోడీ కూడా ఒకటే అయితే మీకు తంటా ఉండదు. ఏమీ అనుకోరుగా?"

"అనుకోవడానికేముందమ్మా" అన్నారు మాస్టారు. కలం మాత్రం కాగితానికి చిల్లు పడేంత నొక్కి రాశారు. తనకు జోడీగా మిగిలింది అవతలి పార్టీలో ఒక పెద్దమనిషి. సభ మొదలవగానే నిద్రపోయి, ముగియగానే లేస్తాడు.

అంబులెన్సుల బిల్లు సంగతేమిటంటే, అక్కడ ఏ జిల్లా అంబులెన్సు ఆ జిల్లా పొలిమేర దాటకూడదు. పెద్దాసుపత్రి పక్క జిల్లాలో ఉందనుకోండి, వంతెన దాకా ఒక బండి తీసుకొస్తుంది. అక్కడ రోగిని దించి, అవతలి జిల్లా బండి వచ్చేదాకా ఆగి, అందులోకి ఎక్కించాలి. వానొచ్చినా అంతే, గుండె ఆగేటట్టున్నా అంతే. ఇది తప్పని అందరికీ తెలుసు. అయినా, బండ్లన్నీ ప్రభుత్వం కిందికి రావాలని మాస్టారి పార్టీ, జిల్లాల కిందే ఉండాలని లాయరమ్మ పార్టీ పట్టుబట్టి, మూడుసార్లు బిల్లు తెచ్చి మూడుసార్లూ చంపుకున్నారు. ఇప్పుడు డాక్టరూ, లాయరమ్మా కలిసి మధ్యేమార్గం రాశారు. బండ్లు జిల్లాలవే, దారి మాత్రం అందరిదీ. ఇంతే. ఇంత చిన్న మాట మూడేళ్ళుగా ఎవరి నోటా రాలేదు.

మాస్టారికి కడుపు మండింది కూడా అక్కడే. పదకొండేళ్ళు ఆవిడతో టీ తాగారు గదా, ఆవిడ ఒక్కనాడైనా "మాస్టారూ, మనమిద్దరం కలిసి ఒక బిల్లు రాద్దామా" అందా? అనలేదు. మాస్టారైనా అడిగారా అంటే, అడగలేదనుకోండి. ఆ మాట ఆయనకు గుర్తు చేసే ధైర్యం ఎవరికుంది? ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా!

మూల బల్ల దగ్గర ఇప్పుడు ముగ్గురు కూర్చోవలసి వచ్చింది. ఆ ఇద్దరూ కాగితాలు పరుచుకుని, "ఆరో క్లాజు", "ఏడో క్లాజు" అని మాట్లాడుకుంటుంటే మాస్టారు టీ చల్లారబెట్టుకుంటూ కూర్చున్నారు. ఒక రోజు లాయరమ్మ దవడ పట్టుకుని ఉంటే, డాక్టరు చెంచా తిరగేసి, అక్కడే నోరు తెరిపించి చూశాడు. "జ్ఞానదంతమండీ, తీసేద్దాం" అన్నాడు. ఆవిడ పకపకా నవ్వింది. మాస్టారు ఆ రోజు నుంచీ టీ తన గదికే తెప్పించుకోవడం మొదలుపెట్టారు.

ఇంటికొచ్చి భార్యకు చెప్పారు. ఆవిడ బఠాణీలు ఒలుస్తోంది.

"పన్ను చూపించిందే! క్యాంటీన్లో, అందరి ముందూ!"

"పళ్ళ డాక్టరుకు పన్ను చూపించక మోకాలు చూపిస్తారా?"

"నీకర్థం కాదు. నిన్నగాక మొన్న వచ్చినవాడు. సభలో ఎటు తిరిగి దణ్ణం పెట్టాలో తెలీదు వాడికి."

భార్య గిన్నె పక్కన పెట్టి ఆయన మొహంలోకి చూసింది. "ఏమండీ, సవతి పోరంటూ వస్తే నాకు రావాలి. మీకొచ్చిందేమిటి చెప్మా?"

"నోర్ముయ్" అన్నారు మాస్టారు. ఆవిడ మూసుకోలేదు, ఆ రాత్రి భోజనం అయ్యేదాకా నవ్వుతూనే ఉంది.

రెండు పార్టీల పెద్దలూ ఈ బిల్లును ఏం చెయ్యాలో తెలియక, "ఎవరిష్టం వాళ్ళది" అని చేతులు దులిపేసుకున్నారు. మాస్టారు వ్యతిరేకమని ప్రకటించారు. ఎందుకని అడిగితే, ఖర్చు, పరిపాలన, బాధ్యత అని మూడు పెద్ద మాటలు చెప్పారు. నాలుగోదీ అసలుదీ చెప్పలేదు. అయినా లెక్క తీయడం ఆయన పనే కాబట్టి బుధవారం సాయంత్రం గదిలో కూర్చుని తీశారు. బిల్లుకు అటు నుంచి పదహారు, ఇటు నుంచి పదిహేను, మొత్తం ముప్పై ఒకటి. వద్దనేవాళ్ళు ఇరవై తొమ్మిది. నెగ్గుతుంది.

కలం మూత పెట్టబోయి ఆగిపోయారు.

జోడీ కట్టేది పార్టీని బట్టి. పార్టీలు ఎదురెదురుగా ఓటు వేస్తున్నంత కాలం అటొకటీ ఇటొకటీ పోతాయి, లెక్క మారదు. ఈ బిల్లులో డాక్టరూ, లాయరమ్మా ఒకవైపే ఉన్నారు. ఇద్దరిలో ఏ ఒక్కరు రాకపోయినా రెండో మనిషి మర్యాద కొద్దీ లేచి పోవాలి. అంటే బిల్లుకు పోయేది ఒక ఓటు కాదు, రెండు. ముప్పై ఒకటి కాస్తా ఇరవై తొమ్మిదవుతుంది. అటూ ఇరవై తొమ్మిదే. బిల్లు చస్తుంది. సమావేశాల చివరి రోజే ఓటింగు కాబట్టి మళ్ళీ తేవడానికి ఏడాది పడుతుంది.

తాతల నాటి నుంచీ జోడీలు కట్టుకుంటున్నారే గానీ, రెండు పార్టీలవాళ్ళూ కలిసి ఒకే మాట మీద నిలబడే రోజు వస్తుందని ఎవరూ అనుకోలేదు. అందుకని ఆ చిల్లు ఎవరికీ కనపడలేదు. మాస్టారికి కనపడింది. ఒక్క గీత కొట్టి జోడీలు మార్చి రాస్తే సరిపోయేది. మాస్టారు కలం మూత పెట్టేశారు.

మర్నాడు లాయరమ్మ గది గుమ్మంలో నిలబడింది. "టీకి రావడం మానేశారేం? సరే గానీ, లెక్కెంత తేలింది?"

"ముప్పై ఒకటి."

"నిజంగా?" ఆవిడ మొహం వెలిగిపోయింది. "మీరు చెప్పారంటే ఇక నిద్రపోవచ్చు."

అబద్ధం ఆడలేదు కదా అనుకున్నారు మాస్టారు. నోరు మూసుకున్నారు, అంతే. తేలు కుట్టిన దొంగ కూడా అంతే చేస్తాడు. ఆ డాక్టరు రాకుండా పోతాడా ఏమిటి, దుక్కలా ఉన్నాడు, అని తనకు తనే సర్దిచెప్పుకున్నారు. లోపల ఎక్కడో మాత్రం, రాకపోతే బాగుండునని ఉంది. బిల్లు పోతే ఊళ్ళు తిరగడాలు పోతాయి, ఆరో క్లాజులూ ఏడో క్లాజులూ పోతాయి. లాయరమ్మ మూల బల్ల దగ్గరికి ఒక్కతే వస్తుంది. అంతవరకు ఊహించుకున్నారు, అంబులెన్సుల దాకా ఆయన ఊహ పోలేదు.

మంగళవారం ఓటింగు. పైన సందర్శకుల వరసలో ఒక అంబులెన్సు డ్రైవరు యూనిఫాంలోనే వచ్చి కూర్చున్నాడు. పోయిన నెలలో కమిటీ ముందు సాక్ష్యం చెప్పినవాడు. వంతెన మీద ఒక గర్భిణీని వానలో దించి, అవతలి బండి కోసం నలభై నిమిషాలు గొడుగు పట్టుకుని నిలబడ్డానని చెప్పి, ఆ తర్వాత ఏమైందని అడిగితే, ఆ గొడుగు మళ్ళీ తెరవలేదని మాత్రం చెప్పాడు.

పదకొండున్నరకు స్పీకరు గంట కొట్టే వేళ అయింది. డాక్టరు కుర్చీ ఖాళీ. లాయరమ్మ ఫోను చూసుకుంది, మొహం వాడిపోయింది. డాక్టరుకు మూత్రపిండంలో రాయి. తెల్లవారుజామున నొప్పి వచ్చి మెలికలు తిరుగుతుంటే ఆసుపత్రిలో చేర్చారు. ఇంజెక్షన్ ఇచ్చారు, లేచే స్థితిలో లేడు.

మాస్టారి పక్కన కూర్చునే సిమెంటాయన, సిమెంటు వ్యాపారం చేసి వచ్చిన మనిషి, బిల్లు వద్దనేవాళ్ళలో ముందుండేవాడు, లేచి నిలబడ్డాడు. "అధ్యక్షా, డాక్టరుగారు రాలేదు. జోడీ మాటేమిటి?"

సభలో గోల లేచింది. ఇది ఉమ్మడి బిల్లు, దీనికి జోడీ ఏమిటని కొందరు. జోడీ అంటే జోడీ, బిల్లును బట్టి మారుతుందా అని కొందరు. "అది సభ్యుల మనస్సాక్షికి సంబంధించింది, నేను చెప్పేదేం లేదు" అని స్పీకరు తప్పించుకున్నాడు.

లాయరమ్మ లేచింది. "మాట ఇచ్చాను" అంది. "నాకు నష్టమని ఈవేళ తప్పితే, రేపు ఈ సభలో ఎవరు ఎవర్ని నమ్ముతారు? నేను వెళ్తున్నాను."

కాగితాలు సర్దుకుని నడిచింది. మాస్టారికి ఇంకా కుళ్ళుగానే ఉంది, ఎంత సిగ్గులేని మనసో చూడండి. ఆరు నెలల పరిచయం ఉన్నవాడి కోసం, తన కోసం లేచినట్టే లేచిపోతోంది! అదే నడక, అదే తల ఎత్తడం!

ఆవిడ తలుపు దాకా వెళ్ళి ఆగింది. పెదవులు కదిలాయి. లెక్క పెట్టుకుంటోంది. గిరుక్కున వెనక్కి తిరిగి అరవై కుర్చీల్లో ఒక్క కుర్చీ వైపే చూసింది, మాస్టారి వైపు. లెక్క సరిపోతుందా, అని కళ్ళతోనే అడిగింది.

తల ఊపేస్తే ఆవిడ వెళ్ళిపోతుంది. బిల్లు పోతుంది, ఎవరూ ఆయన్ని అనేదేం లేదు. ఆరు రోజులుగా కోరుకుంటున్నది ఆయన చేతికి అందింది. మాస్టారు తల అడ్డంగా ఊపారు. సరిపోదు.

ఆవిడ కళ్ళు మూసుకుంది. అయినా తిరిగి కుర్చీ దగ్గరికి రాలేదు. తలుపు తోసుకుని బయటికి పోయింది. పైన డ్రైవరుకు ఈ లెక్కలేమీ అర్థం కాక, ముందుకు వంగి అందరి మొహాలూ చూస్తున్నాడు. ఆ మొహం చూడలేక మాస్టారు లేచారు.

"ఎక్కడికండీ?" సిమెంటాయన చెయ్యి పట్టుకున్నాడు. "మీరు పోతే వాళ్ళకి ఇరవై తొమ్మిది, మనకి ఇరవై ఎనిమిది!"

"ఆ లెక్క నాకూ వచ్చు" అన్నారు మాస్టారు, చెయ్యి విడిపించుకుని. బిల్లుకు చెయ్యెత్తినా సరిపోయేది. ఆ డాక్టరు పేరున్న కాగితానికి చెయ్యెత్తడానికి మాత్రం అప్పటికీ మనసొప్పలేదు.

వసారాలో లాయరమ్మ కిటికీ పక్కన నిలబడి ఉంది. ఆయన్ని చూసి నోరు తెరిచింది, అర్థమైంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మాస్టారూ, మీరు..." అని రెండు చేతులూ పట్టుకుంది. "మీ బోటి మనిషి మా పార్టీలోనూ లేడు, మీ పార్టీలోనూ లేడు. అప్పటికప్పుడు లెక్క చూసి..."

అక్కడితో ఊరుకుంటే ఎంత హాయి! ఆవిడ మళ్ళీ తన మనిషయింది. ఇన్నాళ్ళ ఏడుపంతా దీని కోసమే కదా. కానీ ఆవిడ ఆయన చేతులు ఇంకా వదల్లేదు.

"అప్పటికప్పుడు కాదండీ" అన్నారు. "పోయిన బుధవారమే చూశాను."

"బుధవారం?" ఆవిడ చేతులు వదిలేసింది. "నేను మీ గదికొచ్చి అడిగింది గురువారం."

"అవును."

"తెలిసే చెప్పలేదా? ఎందుకండీ?"

మాస్టారికి ఆ క్షణాన ఖర్చు, పరిపాలన, బాధ్యత ఏవీ గుర్తు రాలేదు. "మీరు వాడికి పన్ను చూపించారు" అన్నారు.

అని, ఆ మాట తన చెవికే వినపడి సిగ్గుతో చచ్చిపోయారు. లాయరమ్మ నవ్వలేదు. ఆవిడ నవ్వి ఉంటే బాగుండేది, తిట్టినా బాగుండేది. ఆయన్ని చూసి, కిటికీ వైపు తిరిగింది.

లోపల గంట మోగింది. ఆ వెంటనే చప్పట్లు. తలుపులు తెరుచుకుని జనం వసారాలోకి వచ్చిపడ్డారు. రెండు పార్టీలవాళ్ళూ ఒకరినొకరు కౌగలించుకుంటున్నారు. మాస్టారిని ఎత్తినంత పని చేశారు. విలేకరులు ఫోటోలు తీశారు. డ్రైవరు మెట్లు దిగి పరుగున వచ్చి ఆయన చేతులు కళ్ళకద్దుకుని, "ఇక వంతెన మీద బండి ఆపక్కర్లేదు సార్" అన్నాడు. డాక్టరు ఆసుపత్రి నుంచి ఫోను చేసి, మత్తు గొంతుతో, "మాస్టారూ, మీరు దేవుడండీ" అన్నాడు. "రాయి పడిందా?" అని అడిగారు మాస్టారు, ఇంకేం అనాలో తెలియక.

ఒక విలేకరి లాయరమ్మను అడిగాడు, ఈ బిల్లు ఎవరి వల్ల నెగ్గిందని. "మాస్టారి వల్లే" అంది ఆవిడ. అది ఎంత నిజమో అంతే చెప్పింది. మిగతాది ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఎవరికీ చెప్పలేదు. మాస్టారు తన భార్యకు చెప్పుకున్నారు. ఈసారి ఆవిడ నవ్వలేదు.

కొత్త సమావేశాలు మొదలైన రోజున మాస్టారు జోడీలు రాస్తూ కూర్చున్నారు. లాయరమ్మ వచ్చింది. మాస్టారు తల ఎత్తలేదు.

"నా జోడీ రాయండి."

"డాక్టరుతోనేనా?"

"కాదు, మీతో. డాక్టరు, నేను ఇంకో బిల్లు రాస్తున్నాం. ఒకవైపు ఓటేసేవాళ్ళు జోడీ కట్టకూడదని ఇప్పుడు తెలిసింది కదా."

మాస్టారి చెయ్యి గబగబా రాసేసింది. పోయిందనుకున్నది తిరిగి వచ్చింది, అడగకుండానే వచ్చింది. అదే ఊపులో, "ఈవేళ యాభై నాలుగు మంది వచ్చారు. మీవాళ్ళు ఇరవై ఆరు, మావాళ్ళు ఇరవై ఎనిమిది" అన్నారు, ఎప్పటిలాగే, టీకి పిలవబోతూ.

లాయరమ్మ తల ఊపలేదు. సభ వైపు తిరిగి, మొదటి వరస నుంచి చూపుడు వేలు కదుపుతూ లెక్క పెట్టడం మొదలుపెట్టింది. ఒక్కో కుర్చీ, ఒక్కో తల. పదకొండేళ్ళలో ఆవిడ ఆ పని చెయ్యడం మాస్టారు ఎన్నడూ చూడలేదు. చివరి వరస దాకా పోయి, అనుమానం వచ్చి, మధ్యలో ఒక వరస మళ్ళీ లెక్కపెట్టింది.

"యాభై నాలుగే" అని చెప్పి, తన చోటికి వెళ్ళి కూర్చుంది.